ఫెల్ట్ బతుకమ్మకు తాళం

తప్పు నీదే, అక్కా. అంత అందంగ ఎవలు కుట్టుమన్నరు నిన్ను?

నువ్వు పోయినంక ఇది మొదటి బతుకమ్మ పండుగ. చొప్పదండిల నువ్వు పనిచేసిన అంగన్‌వాడీకి పొద్దున పోయిన. పసిపిల్లలు ఆడుకోవాలని ఫెల్ట్ గుడ్డతోని నువ్వు కుట్టిన బతుకమ్మను అద్దాల బీరువాల పెట్టి తాళమేసిండ్రు. పక్కన నీ ఫోటో, దానికో దండ. పిల్లలేమో అద్దానికి ముక్కులు ఆనిచ్చి చూస్తుండ్రు.

"గిదేంది టీచరమ్మా?" అన్న.

"అక్క గుర్తు గదా సార్. పిల్లల చేతికిస్తే ఖరాబ్ చేస్తరు," అన్నది కొత్త టీచర్.

గుర్తట! పిల్లలు ముట్టరాని పండుగ ఎవలికి పండుగ? మన చిన్నప్పుడు బతుకమ్మ దిక్కు చెయ్యి చాపితే అవ్వ చేతిమీద ఒక్కటిచ్చేది. ఆ కోపంతోనే గదా, పీకి మళ్ల పేర్చుకునే పూలు కుట్టినవ్. పచ్చటి తంగేడు, తెల్లటి గునుగు. మింగుతరని ఒక్క గుండీ, ఒక్క పూస పెట్టలే. నిరుడు ఒక బుడ్డది గునుగుపువ్వు నములుతుంటే నేను గుంజబోయిన. "నమలనియ్యిరా, ఉతికితే పోతది," అని నవ్వినవ్. ఆ నవ్వు ఇంకా నా చెవులల్లనే ఉన్నది.

టీచర్‌తోని గట్టిగనే కొట్లాడిన. నేనడిగినయి ఇవి:

బీరువా తాళం ఇయ్యాల్నే తియ్యాలె.
పూలు పిల్లల చేతికియ్యాలె.
పీకినా, నమిలినా ఎవ్వలను కసరద్దు.
చినిగినయి నాకు పంపాలె. నాకు కుట్టుడు రాదు, నేర్చుకుంట.