తిల్దా గార్డుగారి పుస్తకాలు

రాయ్‌పూర్, 12-7-2019

బంగారమ్మక్కకు,

నా ఉద్యోగం పోలేదు, దిగులు పడకు. పుస్తకాల గోడౌన్ మాత్రం ఖాళీ చేస్తున్నాం. మా ప్రెస్సుకు కొత్త అచ్చు మిషన్ వచ్చింది. ఇక ఎవరైనా అడిగితేనే, అడిగినన్నే అచ్చు వేస్తారు. అమ్ముడుపోని పాతవన్నీ కాగితం మిల్లుకే. నిన్న వాటిని లారీకెత్తుతుంటే ధనుంజయ్‌గారని తిల్దా నుంచి ఒక రిటైరైన రైల్వే గార్డు వచ్చారు. ఆయన రాసిన పుస్తకమూ అందులో ఉంది.

"బిల్‌కుల్, ఒక్కటీ పోలేదా బాబూ?" అన్నారు.

"నలభై దాకా పోయాయండీ" అన్నాను. నిజానికి పోయినవి నాలుగే.

"నలభై మంది చదివారన్నమాట" అని కాసేపు అక్కడే కూర్చున్నారు. మా ప్రెస్ సేఠ్‌ని బతిమాలి రెండు కట్టలు ఇప్పించి, స్టేషన్ దాకా మోసి రైలెక్కించాను. నడుము పట్టేసింది. ఈ పని మీద మనసు పోవడం లేదక్కా.

బావగారి కంటి ఆపరేషన్ ఎలా జరిగింది? ప్రీతి కాలేజీలో చేరిందా?

నాన్న పాటల నోటుబుక్కు అచ్చు వేయించమన్నావు. మునుపైతే వెయ్యి కాపీలకు తక్కువ వేసేవారు కాదు, ఇప్పుడు పదైనా వేస్తారు. నిజంగా చదివేవాళ్ల పేర్లే రాసి పంపు. మొదట నా పేరు రాసుకో.

పిల్లలకు దీవెనలు.

నీ తమ్ముడు,
పరదేశి