ముందు చిన్నోడు వినాలి

ఆస్టినాబాద్,
జూన్ 9

ప్రియమైన తమ్ముడు మనోహర్‌కి,

అప్ప ఆశీస్సులు. ఫోన్‌లో చెప్పుకోలేని సంగతి కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. ఈ రెండు గదుల ఇంట్లో గుసగుసలాడినా నాన్నకి తెలిసిపోతుంది. చూపు తగ్గేకొద్దీ ఆయనవి పాము చెవులైపోయాయి.

డాక్టరు కుండబద్దలు కొట్టేశాడు. నీటికాసులట. కంటి నరం ఎండిపోయింది, పోయిన చూపు ఇక రాదు, ఉన్నది కూడా ఏడాది చివరికి పోవచ్చు అన్నాడు. నాన్నకి మాత్రం "చుక్కలు మానకండి" అన్నాడని చెప్పాను. ఆయన నమ్మలేదు. నమ్మినట్టు నటించారు.

మొన్న బీరువా తీయించారు. చెమ్మకి బట్టలు బూజు పట్టకుండా లోపల బల్బు వెలిగించి ఉంచుతామే, అదే. అడుగు అరలోంచి ఒక వీడియో క్యాసెట్టు తీసి నా చేతిలో పెట్టి, "ఇందులో మీయమ్మ ఉందే. సూపున్నప్పుడే ఓపాలి సూపించు" అన్నారు.

అది నీ మొదటి పుట్టినరోజుది. మనం తుష్నాబాద్‌లో ఉండగా పూర్ణచంద్ర బాబాయి మద్రాసు నుంచి కెమెరా తెచ్చి తీశాడు. ఆ మరుసటి ఏడే అమ్మ పోయింది. అమ్మ కదిలేది, మాట్లాడేది చూడాలంటే ప్రపంచం మొత్తానికి ఇదొక్కటే. బల్బు వెలిగించినా లాభం లేకపోయింది, రీలు అంచంతా తెల్లగా బూజు.

దీన్ని కంప్యూటర్లోకి ఎక్కించే కన్వర్టర్లు ఉన్నాయంటున్నారు. ఏది కొనాలో నువ్వే చెప్పు. హార్బర్లో వైర్‌లెస్ ఆపరేటరువి, పుట్టుకతో యంత్రాల పిచ్చోడివి. నాకు మిక్సీ తప్ప ఇంకో యంత్రం తెలియదు.

నీ అప్ప
అపర్ణ

•

కాంప్‌బెల్ బే,
జూన్ 24

ప్రియమైన అప్పకి,

నమస్కారాలు. నాన్న సంగతి చదివాక జెట్టీ మీద చాలాసేపు కూర్చుండిపోయాను. ఏం చేయాలో తోచక కన్వర్టర్ల గురించి చదవడం మొదలుపెట్టాను. నాకు చేతనైన పని అదొక్కటే కదా.

రెండు రకాలున్నాయి. ఒకటి తోక లాంటి వైరు. ఒక కొస వీసీఆర్‌కి, ఇంకో కొస కంప్యూటర్‌కి తగిలించాలి. చవక, సులువుగా దొరుకుతుంది, కానీ దాని సాఫ్ట్‌వేర్‌తో సవాలక్ష తలనొప్పులు. రెండోది డబ్బా. దానికే చిన్న తెరా, స్పీకరూ ఉంటాయి. కంప్యూటర్‌తో పనిలేదు. ఎక్కుతున్నంతసేపూ బొమ్మ చూడొచ్చు, మాట వినొచ్చు. మనకి డబ్బాయే కావాలి.

మన దీవుల పిన్‌కోడ్ చూడగానే అమ్మేవాళ్లు మొహం తిప్పేస్తున్నారు. అందుకని వైజాగ్‌లో ఉన్న నా స్నేహితుడు తిరుమలరావుకి చెప్పాను. కొని ఓడలో పంపుతానన్నాడు. అది వచ్చేదాకా క్యాసెట్టు జోలికి పోకు. బూజు పట్టిన టేపు ఒకసారి ఆడితే గొప్ప. ఆ ఒక్కసారీ వృథా కాకూడదు.

ఒక మాట చెప్పనా? అమ్మ ముఖం నాకు ఫోటోల్లో తెలుసు. గొంతే తెలియదు. చిన్నప్పుడు "ఎలా ఉండేదే?" అని నిన్ను వేధిస్తే "అమ్మ గొంతులా ఉండేది, పడుకో" అని కసిరేదానివి. ఇన్నేళ్లకి నేనూ వింటాను.

నీ తమ్ముడు
మనోహర్

•

ఆస్టినాబాద్,
ఆగస్టు 30

ప్రియమైన చిన్నోడికి,

తిట్టాలనుకుంటే ముందే తిట్టేసుకో. నీ మాట వినలేదు.

వైజాగ్ ఓడ మరమ్మతుకి పోయిందట. ఈ నెల అన్నారు, వచ్చే నెల అన్నారు, ఇప్పుడు ఏమీ అనడం మానేశారు. నీ డబ్బా తిరుమలరావు ఇంట్లో హాయిగా కూర్చుంది. ఇక్కడ నాన్నకి కుడికన్ను పూర్తిగా పోయింది. ఎడమకంటితో ఎదురుగా ఉన్నది కాస్త కనిపిస్తుంది, పక్కనున్నది కనిపించదు. నిన్న టీ కప్పులో కాక పక్కన పోసుకున్నారు. నేను చూడలేదనుకుని తువ్వాలుతో తుడిచేసి, ఖాళీ కప్పే తాగుతున్నట్టు పెదాలకి పెట్టుకున్నారు. ఎందుకు రా ఆయనకి ఈ శిక్ష?

నీ మేనకోడలు లహరి స్నేహితురాలు చెన్నై నుంచి విమానంలో వస్తోంది. తోక వైరు తెమ్మన్నాం. డైరీ ఫార్మ్ పేటలో టీవీలు బాగుచేసే పైడిబాబు దగ్గర ఇంకా ఆడుతున్న వీసీఆర్ ఒకటుంది. బూజు తుడిచి, టేపు వెలుతురుకి పెట్టి చూసి, "దీదీ, ఏక్ బార్ చల్ జాయేగా. దూస్రీ బార్ కా మై నహీ బోల్తా. పొడి రాలిపోతంది" అన్నాడు. ఒక్కసారి ఆడుతుందట, రెండోసారికి హామీ లేదట.

ఓడ కోసం మనం ఆగగలం. కన్ను ఆగదు.

నీ అప్ప
అపర్ణ

•

కాంప్‌బెల్ బే,
సెప్టెంబరు 14

అప్పా,

కోపం లేదు. నీ స్థానంలో నేనున్నా అదే చేసేవాణ్ణి. కానీ ఈ ఒక్క మాట విను.

అసలు క్యాసెట్టు పెట్టకముందు పైడిబాబు దగ్గర ఏదైనా పాత సినిమా క్యాసెట్టు అడిగి తీసుకో. రెండు నిమిషాలు ఎక్కించి, వెంటనే ఆడించి విను. ఆ వైరులో బొమ్మ దానంతటదే వస్తుంది. మాట రాదు. మాట వైరు నుంచి తీసుకోవాలని కంప్యూటర్‌కి విడిగా చెప్పాలి. ఈ సంగతి లహరికి చూపించు. బొమ్మ పడింది కదాని మురిసిపోవద్దు.

గాలివానకి టవరు పడిపోయింది, ఫోను లేదు. ఈ ఉత్తరం రేపటి ఓడకి ఇస్తున్నాను. సముద్రం ఒప్పుకుంటే వారంలో నీ చేతికి వస్తుంది.

తొందరపడకే అప్పా.

మనోహర్

•

ఆస్టినాబాద్,
సెప్టెంబరు 22

ప్రియమైన తమ్ముడికి,

నీ ఫోను కలవడం లేదు. మీ వైపు ఓడ ఇంకా రాలేదు.

గురువారం పొద్దున నాన్న లేచి మంచం మీదే కూర్చుని, "కరెంటు పోయిందేటే?" అన్నారు. వాకిట్లో ఎండ పెళపెళలాడుతోంది. నేను వెళ్లి ఆయన చెయ్యి పట్టుకున్నాను. దాంతోనే ఆయనకి అర్థమైపోయింది.

నేను క్యాసెట్టు సంగతి వదిలేద్దామనుకున్నాను. ఆయనే, "సూడకపోతే ఏటి, ఇంటాను కదా. పెట్టించు" అన్నారు.

నిన్న ఆదివారం పెట్టాం. లహరి ల్యాప్‌టాప్‌లో అమ్మ వచ్చింది రా! నీలం పట్టు చీర, చంకలో నువ్వు. గీతలు పడుతూనే ఉన్నా ఎంత బాగుందో. గదిలో అమ్మ మాట మాత్రం వినపడలేదు. ఎక్కేటప్పుడు అంతేనని, లోపల పడుతుంటుందని లహరి అంది. నాన్న కుర్చీ దగ్గరకి లాక్కుని కూర్చుని, అమ్మ ఏం చేస్తోందో అడుగుతూనే ఉన్నారు. నేను చెబుతూనే ఉన్నాను. నీకు పాయసం తినిపించింది, నాన్న చొక్కా గుండీ పెట్టింది, కెమెరా వైపు తిరిగి ఏదో పెద్ద కథే చెప్పింది. చివర్లో టేపు వీసీఆర్‌లో చిక్కుకుని పీలికలైంది. పైడిబాబు తల పట్టుకున్నాడు. పోనీలే, మనకి కావలసింది చేజిక్కింది.

ఇప్పుడే విందామని నేను ఎగిరిపడుతుంటే నాన్న ఆపేశారు. "నాను పదేళ్లు కాపరం సేసి ఇన్నాను. నువ్వూ ఇన్నావు. ముందు చిన్నోడు ఇనాలి. ఆడు ఇన్నాకే మనం" అన్నారు. ఎంత బతిమాలినా ససేమిరా. అందుకే పెన్‌డ్రైవ్‌లో వేయించి, మీ హార్బర్‌కే బదిలీ అయి వస్తున్న చంద్రమౌళి గారి చేతికిస్తున్నాను. విన్న వెంటనే నాన్నకి ఫోన్ చెయ్యి. ఆ ఫోను కోసమే ఆయన కూర్చున్నారు.

నీ అప్ప
అపర్ణ

•

కాంప్‌బెల్ బే,
అక్టోబరు 5

ప్రియమైన అప్పకి,

నేను పద్నాలుగున రాసిన ఉత్తరం ఈపాటికి నీకు అంది ఉంటుంది. కాబట్టి నేనేం చెప్పబోతున్నానో నీకు తెలుసు. లహరిని ఏమీ అనకు. దానికి ఎవరు చెప్పారని?

అమ్మ మాట పడలేదు. కంప్యూటర్ తన సొంత మైకుతో గదిలో మాటలు తీసుకుంది. బొమ్మ మాత్రం నువ్వన్నట్టే ఉంది. అమ్మ నన్ను చంకనేసుకుని కెమెరా వైపు తిరిగి ఆగకుండా మాట్లాడుతోంది. వినబడేదేమో రేకుల మీద వాన, మీ కుక్కరు కూత, పైడిబాబు "దీదీ, లైట్ థోడా హటావో" అని లైటు పక్కకి జరపమనడం. మిగతా అంతా నువ్వూ నాన్నా. "ఇప్పుడేటి సేస్తంది?" అని ఆయన, "నవ్వుతోంది నాన్నా" అని నువ్వు. "ఏటంటందే?" అని ఆయన, "తర్వాత విందాం నాన్నా" అని నువ్వు. అమ్మ నోరు కదిలినంతసేపూ ఇదే.

రెండుసార్లు చూశాను. మూడోసారి చూడలేకపోయాను. టేపు లేదు కాబట్టి ఇక చేసేదేమీ లేదు. ఏ డబ్బా వచ్చినా లేదు.

నిన్న టవరు బాగయింది. నేను చేసేలోపు నాన్నే చేశారు. "ఇన్నావేటిరా?" అన్నారు. ఆ గొంతులో ఆశ విని నిజం చెప్పలేకపోయాను. విన్నానన్నాను. "ఎలాగుంది?" అన్నారు. మన ఇంట్లో నాకు తెలిసిన ఆడగొంతు నీదొక్కటే. "అచ్చం అప్ప గొంతులాగే సన్నగా, తియ్యగా ఉంది నాన్నా" అన్నాను.



"కాదురా. మీయమ్మది బొంగురు గొంతు" అన్నారు.

ఆయనే మళ్లీ, అన్నం తిన్నావా అని అడిగారు. తిన్నానన్నాను. అక్కడ వానలెలా ఉన్నాయని అడిగారు. క్యాసెట్టు మాట మళ్లీ ఎత్తలేదు. నువ్వూ ఎత్తకు.

నీ తమ్ముడు
మనోహర్