పట్టుకునే మనిషి అక్కర్లేని బండి

నా ఇల్లాలు, మా ఇంటి యజమానురాలు ఇజ్జాకు,

నీ జాయిద్ సలాం. దేవుడి దయవల్ల నేను బాగున్నాను, మేకలు బాగున్నాయి, తలుపు గడియ మాత్రం విరిగింది. మెక్నెస్‌లో కూతురింట్లో మీరంతా క్షేమమని తలుస్తాను. తూదా, ఇది మీ అమ్మకు గట్టిగా చదివి వినిపించు. అక్షరాలు వంకరగా ఉంటే అది పెన్ను తప్పు.

ఇజ్జా, నువ్వు అడిగినవాటికి జవాబులు. తింటున్నాను. రొట్టె నేనే కాలుస్తున్నాను. అడుగు మాడుతోంది, పళ్ళున్నాయి కనుక నములుతున్నాను. ఖర్జూరం కోతకు నీ తమ్ముడు వచ్చాడు. సగం కోసి, మిగతా సగం కబుర్లు చెప్పి పోయాడు. నీ భుజం చూసి డాక్టరు ఏమన్నాడో మాత్రం నువ్వు రాయించలేదు. అది రాయించు.

ఇక బండి సంగతి. "ఆ ఎత్తు మోటారుసైకిలు ఉన్న ఇంట్లో నేను అడుగుపెట్టను" అన్నావు. దాన్ని అమ్మలేదు. ఎర్‌ఫూద్ ఊరి హోటలాయన కొంటానని వచ్చాడు, టీ తాగించి పంపేశాను. అది లేకపోతే ఎడారి బావుల దగ్గర పంపులు ఎవరు బాగుచేస్తారు? గాడిద మీద నేను చేరేసరికి గొర్రెలు దాహంతో చస్తాయి.

అలాగని నీ మాట చెవికెక్కలేదనుకోకు. ఆ బండికి ఉన్నది పక్క స్టాండు ఒక్కటే. నూనె మార్చాలన్నా, గొలుసు బిగించాలన్నా నువ్వు హ్యాండిలు పట్టుకుని నిలబెట్టాలి. ఆ బరువుకే నీ భుజం పోయింది. అందుకని బండినే మార్చాను. పాత పంపు గొట్టాలు అతికించి నడిమి స్టాండు చేయించాను. కాలితో తొక్కి వెనక్కి లాగితే నిటారుగా నిలబడుతుంది, వెనక చక్రం గాలిలో తిరుగుతుంది. ఇంజను కింద రాళ్ళు తగలకుండా ఉండే రేకు ఉంది కదా, దానికి కన్నం కోశాను. రేకు విప్పకుండానే పాత నూనె దిగిపోతుంది. గాలి వడగట్టే స్పంజి కోసం పెట్రోలు ట్యాంకు దించే బాధ కూడా పోయింది. పక్క మూతకు కిటికీ కోసి, సార్డీను చేపల డబ్బా రేకుతో తలుపు పెట్టాను. వెల్డింగు కొట్టాయన చూసి, "జాయిద్ మావా, దీనికిక తెర ఒక్కటే తక్కువ" అన్నాడు. అననీ.

ఒక సంగతి ఇంతవరకు దాచాను. తూదా, ఇక్కడ నవ్వకుండా చదువు. ఆ స్పంజిని ఉతికి ఆరబెట్టాక జిగురు నూనె పూయాలి. అది అయిపోయింది. చెవిపోటుకూ మోకాలికీ పసిపిల్లల పొట్టకూ మనం పూసేది ఆలివ్ నూనే కదా, బండికి మాత్రం ఏం చేదు అనుకున్నాను. నీ పుట్టింటి జాడీ తీశాను. బావి దారి సగంలో దుమ్మూ నూనె కలిసి పిండిముద్దయి, బండికి ఊపిరాడక ఆగిపోయింది.

ఒంటెలు తోలుకొస్తూ మన ఊరి రకియా చూసింది.

"ఏం మావా, ఎండలో కూచున్నావేం?"

"బండి అలిసింది."

ఆమె స్పంజి తీసి వాసన చూసింది. "ఓరి దేవుడా! ఇందులో రొట్టె ముంచుకు తింటావా ఏంటి? ఇజ్జత్త ఊళ్ళో ఉంటే నిన్ను ఈ నూనెలోనే వేయించేది!"

బండిని ఒంటె వెనక కట్టి ఇంటిదాకా లాక్కొచ్చింది. ఊరంతా బయటికొచ్చి చూసింది. జాడీలో సగమే మిగిలింది. తిట్టుకో.

అయినా నీకు చెప్పాలనుకున్న మాట అది కాదు. మొన్న ఇంజను నూనె మార్చాను. ఎవరూ పట్టుకోలేదు, బండి స్తంభంలా నిలబడింది. టీ నీళ్ళు మరిగేలోపు పని అయిపోవచ్చింది. మధ్యలో తలెత్తకుండానే, "ఇజ్జా, కాస్త ఇటు వంచు" అన్నాను. "నోరు మూసుకుని పని చెయ్యవయ్యా" అని ఎవరూ అనలేదు. పానా చేతిలో పట్టుకుని అక్కడే కూర్చుండిపోయాను. టీ నీళ్ళు ఇగిరిపోయాయి. లోపలికి వెళ్ళబుద్ధి కాలేదు.

భుజం బాగయ్యాక రా. వచ్చి బండిని ఒక్కసారి చూడు. అప్పటికీ వద్దంటే హోటలాయనకు నేనే కబురు పెడతాను. బండి పట్టుకోవడానికి నిన్ను పిలవడం లేదు, ఇంట్లో ఆ పని ఇక లేదు. నేను మరలు తిప్పుతుంటే పక్కన పీట వేసుకుని తిట్టడానికి మనిషి కావాలి.

ఇట్లు,
తూదా తండ్రి, నీ ముసలాడు,
జాయిద్