పూర్తి చేతుల చుడీదార్

ఫిబ్రవరి 11

దీపిక కంచం ముందు కూర్చునే కునికిపాట్లు పడుతోంది. ఇంటర్ ఫస్టియర్ పరీక్షలు కదా, చదువుతోంది కాబోలు. ఎదురింటి ఉష ఈమధ్య రావడం లేదేమని అడిగితే, దానికీ నాకూ మాటల్లేవమ్మా అంది. చిన్నప్పటి నుంచి ఒకే కంచంలో తిన్న పిల్లలు.

ఫిబ్రవరి 27

బాత్రూంలో ముప్పావుగంట. తలుపు కొడితే వస్తన్నానుండు అని అరిచింది. నా మీద! వచ్చాక మెడ, ముక్కు గోక్కుంటూనే ఉంది. ఎలర్జీ అనుకుని పౌడర్ కొన్నాను. ఫోన్‌కి లాక్ మార్చింది.

మార్చి 22

పరీక్ష సగంలో లేచి వచ్చేసిందట. ఆ సంగతి ఉష వాళ్లమ్మ చెబితే తెలిసింది నాకు. సిగ్గుతో చచ్చిపోయాను.

ఆయనకి చెప్పాను. రాజాం మెయిన్‌రోడ్డులో ముప్పయ్యేళ్లుగా బట్టలు అమ్ముతున్న మనిషి. గుమ్మం ఎక్కిన ఆడమనిషిని చూసి కొంటుందో కొనదో చెప్పేస్తారు. కూతుర్నీ అలాగే తేల్చేశారు. ఎవడో ఉన్నాడే గౌరీ, ఆడెవడో ముందు కనుక్కో అన్నారు.

నాకూ అదే అనిపించింది. ఈ వయసు ఆడపిల్లకి ఇంకేం ఉంటుంది?

ఏప్రిల్ 3

ఎవడే అని అడిగాను. ఎవడూ లేడంది. చెంప మీద కొట్టాను. ఏడవలేదు. మళ్లీ అడిగాను, ఎవడే అని.

ఏప్రిల్ 19

ఎండలు మండిపోతున్నాయి. ఇది మాత్రం పూర్తి చేతుల చుడీదార్లు తప్ప వేసుకోవడం లేదు. మా ఆడపడుచు సుహాసిని చూసి మురిసిపోయింది. ఈ రోజుల్లో ఇంత ఒద్దికైన పిల్ల ఎక్కడున్నాది వదినా అంది. కడుపు నిండిపోయింది నాకు. ఎవడో ఉన్నాడన్న దిగులు కూడా ఆ పూటకి మర్చిపోయాను. షాపుకెళ్లి నేనే ఇంకో నాలుగు తెచ్చాను, అన్నీ పూర్తి చేతులవే.

మే 8

ఫోన్ లాక్కుని, రామతీర్థం దగ్గర మా అమ్మ ఊళ్లో దింపేశాను. వాడెవడైనా సరే, నెల్లాళ్లు దూరంగా ఉంటే మర్చిపోతుంది. నేను తిరుగు బస్సెక్కుతుంటే చెయ్యి పట్టుకుంది. విడిపించుకున్నాను.

మే 10, ఉదయం 6

అమ్మ ఫోన్. నిన్నటి నుంచి పిల్లకి ఒకటే వాంతులంట. ఒళ్లంతా చెమట, ముక్కు కారడం, కాళ్లు లాగేస్తన్నాయని మంచం మీద పొర్లుతోందట. అమ్మ గొంతు తగ్గించి, ఒసే, పిల్ల ఈ నెల బయట సేరినాదా లేదా, సూసుకున్నావా అంది.

మొదటి బస్సుకే బయల్దేరుతున్నాను.

మే 10, సాయంత్రం

విజయనగరం తీసుకెళ్లాను. రాజాంలో అయితే అందరూ తెలిసినవాళ్లే. ఓపీ చీటీలో దీపిక పేరు చెప్పలేదు. ఉష అన్నాను, నోటికి అదే వచ్చింది. వయసు ఇరవై అన్నాను.

లేడీ డాక్టరు యూరిన్ టెస్ట్ చేయించింది. లేదు. కడుపు లేదు! అక్కడే ఏడ్చేశాను.

డాక్టరు మాత్రం పిల్ల కళ్లలోకి టార్చి వేసి చూసింది. రక్తం కూడా తీద్దాం, చుడీదార్ చెయ్యి పైకి మడుచు అంది. దీపిక వణికిపోతోంది. అమ్మాయితో పది నిమిషాలు ఒంటరిగా మాట్లాడాలి, మీరు బయట కూర్చోండమ్మా అంది. నాకు ఒళ్లు మండింది. గండం గడిచాక ఇంకా తవ్వడం దేనికి? వద్దండీ, గ్యాస్ పట్టింది అంతే, అన్నాను. సగం మడిచిన చేతిని నేనే కిందకి లాగాను.

ఆటోలో దాన్ని గట్టిగా పట్టుకుని కూర్చున్నాను. మూడు నెలల్లో ఇంత సంతోషంగా ఎప్పుడూ లేను.

మే 12

రామతీర్థంలో పదకొండు కొబ్బరికాయలు కొట్టాను. దాన్ని ఇంటికి తెచ్చేశాను. తప్పుగా అనుకున్నానే తల్లీ అని ఫోన్ తిరిగి ఇచ్చేశాను.

మే 26

బాత్రూం తలుపు ఆయనా, పక్కింటి జగన్నాధం గారూ కలిసి విరగ్గొట్టారు.

మే 29

ఐసీయూ. బతుకుతుందనే అంటున్నారు.

మత్తు కోసం నొప్పి మాత్రలంట. ఏడాదిగానంట. మింగడం నుంచి సూదితో ఎక్కించుకునేదాకా వచ్చి, ఆ రోజు మోతాదు మించిందట. నర్సు చుడీదార్ చెయ్యి కత్తిరిస్తే చూశాను. మోచేతి మడత దగ్గర అంతా నల్లగా కమిలిపోయి ఉంది. రోజూ ఆ బట్టలు ఉతికి ఆరేసింది నేనే.

షాపుకి వచ్చినవాళ్లకి ఆయన డెంగ్యూ అని చెబుతున్నారు. వద్దని అనలేదు నేను.

జూన్ 4

వార్డుకి మార్చారు. మానసిక డాక్టరు వచ్చాడు, కుర్రవాడు, మన శ్రీకాకుళం వైపు మాట. ఎప్పటి నుంచి, ఏమేం గమనించారు అని అడిగాడు. ఈ డైరీ ఇచ్చేశాను. నిలబడే చదివాడు. అన్నీ మీరే రాసీసినారు కదమ్మా అన్నాడు మెల్లగా.

తిట్టినా బాగుండేది.

జూన్ 9

దీపిక ఇవాళ నాతో మాట్లాడింది. ఎవడే, ఎవడే అని అడిగినావు గానీ, నీకేటైనాదే అని ఒక్కసారీ అడగలేదమ్మా అంది. కోపంగా కూడా అనలేదు.

జూన్ 10

అడిగాను. గోడకేసి తిరిగి, చెప్పడం మొదలుపెట్టింది. ఇంతలో నాలుగయింది, విజిటింగ్ టైం అయిపోయిందని నన్ను బయటికి పంపేశారు.

రేపు పదింటిదాకా తలుపు తియ్యరు. మెట్ల మీదే కూర్చున్నాను.