గలిజేరు గురించి చెప్పిన మనిషి

అమ్మా,

నువ్వు పోయి ఈరోజుకు ఏడాది. కుందుర్పికి రాలేకపోయాను. అనంతపురంలో నేను ఆరు నెలలుగా పనిచేస్తున్న ల్యాబులో గలిజేరు మొక్క పరీక్ష ఫలితం ఈరోజే వచ్చింది.

చెనిక్కాయ చేలల్లో కలుపు తీసేటప్పుడు నువ్వు గలిజేరును మాత్రం పారేయకుండా కొంగులో వేసుకునేదానివి. "కలుపు పీకమంటే కూరాకు ఏరుకుంటాండావా?" అని చేను ఆసామి కసిరితే, "కాళ్ల వాపులకు మంచిదన్నా, ఎట్ల పారేసేది?" అనేదానివి. అందరి ముందూ నాకు సిగ్గుగా ఉండేది.

ఆ మొక్కనే ఇప్పుడు నీడలో ఆరబెట్టి, పొడి చేసి, స్పిరిట్‌లో నానబెట్టి, వడగట్టి సారం తీశాను. వాపును తగ్గించే గుణమున్న పదార్థం అందులో ఉన్నట్టు తేలింది.

మొక్క గురించి ఎవరు చెప్పారో రాయమని మా ల్యాబు మేడమ్ ఒక ఫారం ఇచ్చారు. "ఊరి పెద్దలు చెప్పినారని రాసెయ్," అన్నారు.

"లేదు మేడమ్, చెప్పింది మాయమ్మ," అన్నాను. నీ పేరు రాశాను. వృత్తి దగ్గర కలుపు కూలి అని రాశాను.

మేడమ్ అది చదివి, "మంచిది. ఊరికి పోయినప్పుడు మీయమ్మతో సంతకం పెట్టించుకోని రా," అన్నారు.

నువ్వు పోయిన సంగతి ల్యాబులో ఎవరికీ చెప్పలేదు. "మాయమ్మ లేదు మేడమ్," అన్నాను.

ఆమె తన పెన్ను నా చేతికిచ్చారు. నీ పేరు కింద కూతురు అని రాసి, నేనే సంతకం పెట్టాను.