కెమెరాలో పడని గోడ

మార్చి 3, సోమవారం

ఈ వారంతో తేలిపోతుంది. నా ప్రొబేషన్ శుక్రవారంతో ఆఖరు. ఇంకా కట్టని ఫ్లాట్లకి కంప్యూటర్లో అచ్చం ఫొటోల్లాంటి బొమ్మలు చేసే ఆఫీసు మాది. లైటింగ్ నా పని. ఇప్పుడు చేస్తున్న హాలు బొమ్మ బిల్డర్‌కి నచ్చితే ఉద్యోగం ఖాయం, లేకపోతే మూటాముల్లె సర్దుకోవడమే అని బాస్ నవ్వుతూ చెప్పాడు. నవ్వుతూ చెప్పేవాళ్లంటే నాకు మహా ఒళ్లుమంట.

ఇంటికొస్తే అమ్మ పక్కింటి పిన్నిగారి మీద కారాలు మిరియాలు నూరుతోంది. సందులో చెత్త గొడవ. ఏళ్ల నుంచీ అదే పాట.

మార్చి 4, సాయంత్రం

అదిరింది! చలికాలపు ఎండని కిటికీలోంచి సోఫా మీదకి, సోఫా మీంచి నేల మీదకి పరిచాను. ఆఫీసంతా నా కుర్చీ వెనకే. బాస్ శభాష్ అన్నాడు.

చివర్న మేడమ్ వచ్చింది. మా అందరికీ సీనియర్. మేం పెట్టుకున్న పేరు నీడ మేడమ్. ఏ బొమ్మ చూపించినా ముందు కుర్చీ కాళ్ల కింద నీడలు చూస్తుంది. చాలాసేపు చూసి, ఎండ బాగుందమ్మా, ఇంతకీ ఈ కిటికీ ఏ దిక్కు అని అడిగింది.

ప్లాన్ తీశాను. ఉత్తరం. చలికాలంలో ఆ కిటికీలోకి ఎండ పొరపాటున కూడా రాదు. తల కొట్టేసినట్టయింది.

మార్చి 5

దిక్కులు ఎవడు చూస్తాడు, ఎండనే పంపేద్దాం అన్నాడు బాస్. ఆ సోఫాలో కూర్చోబోయేవాళ్లు చూస్తారండీ అంది మేడమ్. గొంతు కూడా పెంచలేదు. ఎండ లేకుండానే ఈ అమ్మాయి బాగా చేస్తుంది, పూచీ నాది అంది. నాకు ఆవిడ మీద కోపం వచ్చింది, దాచుకోవడం ఎందుకు. పూచీ ఆవిడది, పోయే ఉద్యోగం నాది.

మార్చి 6, ఉదయం పదకొండున్నర

ఎండ తీసేశాక గది పీనుగ మొహంలా ఉంది. లైట్లు పెట్టాను. పీనుగకి పౌడర్ పూసినట్టుంది.

అదే రోజు, సాయంత్రం

మధ్యాహ్నం మేడమ్ నన్ను టీ గదికి లాక్కుపోయింది. దాని కిటికీ కూడా ఉత్తరమే. లైటు ఆర్పేసి, కిటికీ గట్టు మీద తెల్ల కప్పు ఒకటి బోర్లించి, చూస్తూ ఉండమంది. చూశాను. కప్పుకి ఒకవైపు లేత పసుపు. సీలింగ్ మీదా అదే పసుపు. ఎండ ఎక్కడా లేదే, మరి ఇదెక్కడిది అని అడిగింది.

బయట ఎదురు బిల్డింగ్. దాని గంధం రంగు గోడ మీద ఎండ పెళపెళ కాస్తోంది. గోడ దాన్ని తిప్పి మా గదిలోకి పంపుతోంది.

నా బొమ్మలో కూడా కిటికీ బయట ఎదురు బిల్డింగ్ ఉండేది. మొదటిరోజే నేనే డిలీట్ చేశాను. కెమెరాలో పడనిదానికి మెమరీ దండగ అనుకున్నాను. ఎంత తెలివి!

మళ్లీ పెట్టాను. ఎండని దాని మీదే పడనిచ్చాను. కంప్యూటర్ వెలుగు లెక్కకట్టే కొద్దీ బొమ్మ మెల్లగా తేలింది. ముందు సీలింగ్‌కి ప్రాణం వచ్చింది, తర్వాత కర్టెన్ అంచుకి, సోఫా చేతికి. నాకు ఏడుపొచ్చింది. మేడమ్ కుర్చీ కాళ్ల కిందకి చూసి ఊఁ అంది. ఆవిడ ఊఁ అంటే చాలు, నాకింక సన్మానాలు అక్కర్లేదు. అలాంటి కళ్లు నాకెప్పటికైనా వస్తాయా?

మార్చి 7

నచ్చింది! ముందు బిల్డర్‌గారి భార్యకి నచ్చిందట. ఈ గదిలో కళ్లు చిట్లించకుండా హాయిగా చదువుకోవచ్చు అందట. ఉద్యోగం ఖాయం. బాస్ మళ్లీ నవ్వాడు, ఈసారికి క్షమించేశాను. మేడమ్‌కి థాంక్స్ చెప్పబోతే, గోడకి చెప్పు పో అంది.

మార్చి 9, ఆదివారం

అమ్మ వంటింట్లో కూరలు తరుగుతోంది. మా వంటింటికీ ఎండ రాదు. కిటికీ బయట సందు, సందు అవతల పిన్నిగారి తెల్లగోడ. అమ్మ భాషలో పాడుగోడ. అమ్మ చేతుల మీద ఆ వెలుగు చూసి ఉండబట్టలేకపోయాను. కప్పు బోర్లించి చూపించి, నీకొచ్చే వెలుగంతా పిన్నిగారి గోడదేనమ్మా అన్నాను. ఉద్యోగంతో పాటు నీ పిచ్చి కూడా ఖాయమైంది అంది. కానీ కత్తి పక్కన పెట్టి చాలాసేపు కిటికీలోంచి చూసింది.

మార్చి 12

పక్కింటికి రంగులవాళ్లు వచ్చారు. ఏ రంగు వేయిస్తున్నారో కనుక్కొస్తానని అమ్మ తనంతట తనే వెళ్లింది. గంటయింది. గోడ అవతల నుంచి అమ్మ నవ్వు వినిపిస్తోంది.