వెనకటి పల్లెలో గుంట

సిరిసిల్ల,
మే 12.

వెనకటి పల్లె మేనేజరు నరేందర్ గారికి, సిరిసిల్ల నర్సన్న నమస్కారాలు.

"ఇది ఫోన్లు లేని కాలం. ఫిర్యాదు ఉంటే ఉత్తరం రాయండి" అని మీ పల్లె గేటు దగ్గర బోర్డు పెట్టారు. అందుకని రాస్తున్నాను.

కోరుట్లలో ఉండే మా బిడ్డ నిన్న నన్నూ మనవరాలు వర్షనూ పాతకాలం పల్లెలా కట్టిన మీ పల్లె చూపించడానికి తీసుకువచ్చింది. జొన్నరొట్టె, తలకాయ కూర బాగున్నాయి. అంగడి వీధిలో మా బిడ్డ ఒక మట్టి కుండ కొన్నది. అన్నీ బాగున్నాయి గానీ, నేతగాడి ఇంట్లో మగ్గమే బాగాలేదు. అది గుంట మగ్గం. నేసేవాళ్లు గుంటలో కాళ్లు పెట్టి కింది కట్టెలు తొక్కాలి. అప్పుడే పోగులు విడివడి, అడ్డపోగు తీసుకుపోయే నాడెకు దారి దొరుకుతుంది. మీరు గుంటే తవ్వలేదు. అక్కడ వనిత అనే అమ్మాయి మఠం వేసుకుని కూర్చుని, నాడెను ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు ఊరికే తోస్తోంది. పొద్దుగూకే దాకా తోసినా చేతిరుమాలంత బట్ట రాదు.

వర్ష చాలాసేపు చూసి, "తాతా, నువ్వు చిన్నప్పటి సంది చేసింది గీ పనేనా?" అన్నది.

"అవ్ బిడ్డా."

"మరి బట్టేది?"

పదిహేనో ఏట మా నాయన నన్ను గుంటలో కూర్చోబెట్టాడు. తర్వాత కరెంటుతో నడిచే మగ్గాలు, అవే సాంచాలు, వచ్చాయి, మా మగ్గం పొయ్యిలోకి పోయింది. వర్షకు చూపించడానికి నా దగ్గర మగ్గం లేదు. మీ దగ్గర మగ్గం ఉంది, గుంట లేదు. తవ్వించగలరు.

ఇట్లు,
నర్సన్న.

మరొక మాట: ఎండాకాలంలో గునుగు పూల బతుకమ్మ ఎట్లా పేర్చారా అని దగ్గరికి పోయి ముట్టుకున్నాను. పూలు ప్లాస్టిక్‌వి. ఆడుతున్నవాళ్లు మాత్రం అసలు మనుషులే.


వెనకటి పల్లె,
మే 25.

గౌరవనీయులైన అతిథి నర్సన్న గారికి,

మా పల్లెలో మీకు బట్ట దొరకలేదని తెలిసి ఎంతో చింతిస్తున్నాం. రుమాళ్లు, తువ్వాళ్లు, దుప్పట్లు అంగడి వీధి నాలుగో దుకాణంలో ఎప్పుడూ ఉంటాయి. మీ మనవరాలి కోసం ఒక చేతిరుమాలు జతపరిచాం.

ఇక గుంటల సంగతి. మా పల్లె బాటల్లో ఎక్కడా ఒక్క గుంట కూడా లేకుండా చూసుకుంటున్నామని మనవి.

మీ సేవలో,
నరేందర్.

తా.క.: పూలను వారానికోసారి సబ్బుతో కడుగుతాం. మీరు నిశ్చింతగా ముట్టుకోవచ్చు.


సిరిసిల్ల,
జూన్ 10.

నరేందర్ గారికి నమస్కారం.

రుమాలు అందింది. వర్షకు జలుబు చేసింది గనుక వెంటనే పనికొచ్చింది.

గుంట బాటలో కాదండీ. నేను చెప్పినచోట తవ్వాలి. మీ వల్ల కాకపోతే బతుకమ్మ మొదటి రోజు నేనే గడ్డపార పట్టుకుని వస్తాను. అప్పటికి దసరా సెలవులు, మనవరాలు కూడా ఉంటుంది. దాని కళ్ల ముందే తవ్వుతాను. తవ్విన తర్వాత మొట్టమొదట మిమ్మల్నే అందులోకి దింపుతాను. అప్పుడు గానీ నా బాధ మీకు అర్థం కాదు.

మీ మేలు కోరే,
నర్సన్న.

మరొక మాట: గుంట లోతు మనిషిని బట్టి ఉంటుంది. మీ పొడుగు ఎంతో రాయండి.


వెనకటి పల్లె,
జూన్ 22.

నర్సన్న గారికి,

మీ మొదటి ఉత్తరం అంగడి విభాగానికి పోయింది, ఇప్పుడు దొరకడం లేదు. వాళ్లు చెప్పినదాన్ని బట్టే జవాబు రాశాను. రెండో ఉత్తరాన్ని మాత్రం నేనూ మా యజమాని గారూ కలిసి మూడుసార్లు చదివాం.

నేను ఎన్నడూ ఎవరికీ గోతులు తవ్వినవాణ్ణి కాదు. ఇద్దరు పిల్లల తండ్రిని. నా పొడుగు నా సొంత విషయం.

పండుగ రద్దీలో మిమ్మల్ని గేటు దగ్గరే గుర్తించాలని నిర్ణయించాం. మీ పాస్‌పోర్టు సైజు ఫొటో పంపితే పెద్దది చేయించి గేటుకు అంటిస్తాం. అక్కడ గంగయ్య అనే కాపలాదారు పొద్దటి నుంచే మీ కోసం చూస్తుంటాడు.

నరేందర్.

తా.క.: గడ్డపార బయటి నుంచి తేవడానికి వీల్లేదు.


సిరిసిల్ల,
జూలై 3.

గొప్ప మనసున్న నరేందర్ గారికి,

మీ ఉత్తరం మా ఇంటామెకు కూడా చదివి వినిపించాను. నలభై ఏళ్లు నేశాను, ఎవరూ గుర్తించలేదు. మీరు గేటు దగ్గరే గుర్తిస్తామన్నారు. నా దగ్గర ఒకే ఒక్క ఫొటో ఉంది, పంపుతున్నాను. గడ్డపార మీరే ఇస్తామన్నందుకు కూడా కృతజ్ఞతలు. బస్సులో దానితో ఇబ్బంది అయ్యేది.

ఎప్పటికీ మీవాడు,
నర్సన్న.

మరొక మాట: ఫొటోకు దండ వేస్తారా అని మా ఇంటామె అడిగింది. బతికున్నవాళ్లకు వేయరని చెప్పాను. ఎందుకైనా మంచిదని మీకూ రాస్తున్నాను.


సిరిసిల్ల,
బతుకమ్మ మూడో రోజు.

నరేందర్ గారికి,

మొన్న వర్షను వెంటబెట్టుకుని వచ్చాను. మీరు సెలవు పెట్టారట. అందుకే జరిగింది రాస్తున్నాను.

గేటుకు నా ఫొటో, దాని కింద "ఇతనిని లోపలికి రానివ్వరాదు" అని అక్షరాలు. వెనక్కి తిరిగిపోదామనుకున్నాను. ఇంతలో గంగయ్యే నా దగ్గరికి వచ్చి ఆ ఫొటో చూపిస్తూ, "పెద్దమనిషీ, గీనె ఏడనన్న కనవడ్డడా? మా సారుకు గుంట తవ్వుతనన్నడట. సారు నిద్రపోతలేడు" అన్నాడు.

అది దుబాయి పోదామని ముప్పై ఎనిమిదేళ్ల కింద దిగిన ఫొటో. నేను పోలేదు. ఫొటో మాత్రం మిగిలింది. కాసేపు చూసి, "ఎరుకే. చూడక శానా ఏండ్లయింది" అన్నాను. వర్ష నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఇద్దరం లోపలికి వెళ్లాం.

మీరు నన్ను దొంగలా చూశారని బాధ కలిగింది. కానీ మగ్గం కనబడగానే అదంతా మరిచిపోయాను. వనిత తోటపని వాళ్ల గడ్డపార తెచ్చి ఇచ్చింది. మధ్యాహ్నానికి గుంట తయారైంది, కట్టెలు కట్టి కూర్చున్నాను. మొదట కాళ్లకు పని గుర్తుకు రాలేదు. మూడుసార్లు పోగులు తెగాయి. మెల్లగా లయ కుదిరి జానెడు బట్ట దిగింది. వర్ష దాన్ని వేలితో రాసి చూసి, "తాతా, నేను కూసుంట" అన్నది.

దాని కాళ్లు కట్టెలకు అందలేదు. అందుకని నేను గుంటలో గొంతుక్కూర్చుని చేతులతో కట్టెలు నొక్కాను, అది నాడె వేసింది. పైన దాని నవ్వు వినబడుతోంది గానీ ముఖం కనబడలేదు. నాలుగు వేళ్ల బట్ట నేసింది. వంకరగా ఉంది. కోసి ఇవ్వమంటే కోసి ఇచ్చాను.

మీకు భయం పోతే ఒకసారి వచ్చి కూర్చోండి. వనితకు చేయి తిరిగేదాకా వారానికోసారి వస్తాను.

నర్సన్న.

మరొక మాట: గుంటలోని మన్ను సగం ఎత్తి పోసింది మీ గంగయ్యే. ఫొటోలోని మనిషి ఎక్కడ వచ్చేస్తాడోనని నడుమ నడుమ గేటు దాకా పోయి చూసి వచ్చాడు. ఆయనను ఏమీ అనవద్దు.